ఎడమ దిక్కు స్పీకర్

ఆ ఏడు విభూది బుధవారం నాడు, నుదుటి మీద ఫాదర్ పెట్టిన బూడిద ఇంకా చెదరకముందే, మా ఆయన క్రిస్టోఫర్ ఆటోలోంచి రెండు స్పీకర్లు దించాడు. ఒక్కొక్కటి మా బియ్యం డబ్బా అంత ఎత్తు, నిండా బియ్యం పోసిన డబ్బా అంత బరువు. ఆయన పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. అక్కడి కాలనీలో ఒక ఇంజనీరు గారు బదిలీ మీద పోతూ సామాన్లు వదిలించుకుంటున్నారని తెలిసి, చెప్పులరిగేలా ఆయన ఇంటి చుట్టూ తిరిగి సంపాదించిన సొత్తు అది.

మా అత్త జోజమ్మ గడపలోనే అడ్డం నిలబడింది.

“ఏందిర ఇవి?”

“స్పీకర్లమ్మా. పాట పెడితే పాడేటోళ్లు మనింట్ల కూసోని పాడినట్టుంటది.”

“ఇయ్యాల ఏం దినమో యాదున్నదా? తపస్సుకాలంల పాటలేంది? ఈస్టర్ పండుగ దాక నా ఇంట్ల పాట మోగొద్దు. చెప్తున్న.”

“పాట పెట్టనమ్మా. మంచి జాగ చూసి పెట్టి, సౌండు సరిజేసుకుంట. గంతే.”

“పాట లేకుంట సౌండెట్ల సరిజేస్తవురా?”

“అది నా తిప్పలు.”

అత్త కాసేపు ఆలోచించి పక్కకు జరిగింది. పెళ్లికొడుకు ఊసు లేకుండా పందిరి వేసినట్టు, ఆ తపస్సుకాలమంతా మా ఇంట్లో పాట లేకుండా పాటకు ఏర్పాట్లు జరిగాయి.

మొదట స్పీకర్లను గది మూలలకు తోయమని సలహా ఇచ్చింది నేనే, నడవడానికి దారుంటుందని. క్రిస్టోఫర్ ఫోన్లోంచి వాన పడుతున్నట్టు హుస్సుమనే చప్పుడొకటి పెట్టాడు. అది పాట కాదు కనుక అత్త ఊరుకుంది. మూలల్లో ఉంటే చప్పుడు బానలోంచి వచ్చినట్టు గుమ్ముమంటోందని వాటిని గోడలకు దూరంగా లాగాడు. లాగితే మంచం అడ్డమొచ్చింది, మంచం వరండా పాలైంది. బోడి గోడలకు తగిలి చప్పుడు తిరిగొస్తోందని నా పుట్టింటి బొంత తీసి గోడకు వేలాడగట్టాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ బొంత ఆరేసుకోవడానికి మీకు దండెం లేదా అని అడిగేవారు. సన్నని చప్పుళ్లు వచ్చే చిన్న గుండ్రం సరిగ్గా కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు రావాలట. దానికోసం ఇటుకలు పేర్చి, పైన కడప బండ ముక్కలు వేసి, స్పీకర్లను వాటి మీదకు ఎక్కించాడు. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో, వాటి నుంచి కుర్చీకీ అంతే దూరం ఉండాలని నా కుట్టుపని టేపుతో కొలిచి, కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గుర్తులు గీశాడు.

ఆ కుర్చీ మా మామది.

“నాయిన వానకాలంల రిటైరైతడు,” అన్నాడు క్రిస్టోఫర్, ఎందుకింత తిప్పలని నేను విసుక్కుంటే. “బతుకంత చీకట్ల బండ చప్పుడే విన్నడు. ఇగనన్న జరంత మంచి చప్పుడు వినాలె.”

మా మామ తోమాసు బొగ్గుబాయిలో సర్దారు. నేను జూలూరుపాడు పత్తిచేల మధ్య పెరిగిన దాన్ని. ఇల్లందుకు కోడలిగా వచ్చేదాకా సర్దారంటే తలపాగా కట్టుకునేవాడే అనుకున్నాను. అది కాదట. షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి వెళ్లి, చేతికర్రతో నెత్తిమీది బండను కొట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చేయొచ్చు, ఇక్కడ వద్దు అని చెప్పే మనిషట. గట్టిబండ ఖంగుమంటుంది. లోపల విడిన బండ పగిలిన కుండలా డొల్లగా పలుకుతుంది. ఆ తేడా విన్న ఒక్క మనిషి మాట మీద మిగతావాళ్లంతా దాని కింద నిలబడి పని చేస్తారు.

మా క్వార్టర్ల వరసలో ఎవరు కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా మామ చేతికిచ్చి కొట్టించుకునేవారు. పక్క క్వార్టర్ మంగయ్య మామ గ్యాంగులోనే పనిచేసేవాడు. నేను చిన్నమామ అని పిలిచేదాన్ని. ఒకసారి మామ కర్ర కొట్టి, “ఎనకకు జరుగుండ్రి” అని అరిస్తే, జరిగిన కాసేపటికి మంచమంత బండ ఊడిపడిందట. అప్పటి నుంచి ఆయన ఎవరు దొరికితే వాళ్లకు ఒకటే మాట చెప్పేవాడు.

“మా పానాలు మా చేతుల లెవ్వు. తోమాసన్న చెవుల ఉన్నయి.”

ఆ మాటకు మా అత్త మురిసిపోయేది. మామ మాత్రం వినిపించనట్టు కూర్చునేవాడు. పొగిడితే సిగ్గేమో అనుకునేదాన్ని.

ఇక లావు చప్పుడు పరీక్ష చేసిన రోజు కప్పులో ఎక్కడో గరగరమంది. క్వార్టర్లు పాతవి, సున్నం మీద సున్నం వేసుకుంటూ బతుకుతున్నవి. క్రిస్టోఫర్ పైకి చూసి, “నాయినా, ఒకపాలి కొట్టి సూడు” అన్నాడు. ఇంట్లో సర్దారుండగా మేస్త్రీ ఎందుకు? మామ స్టూలెక్కి, ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించి, కుడిచేత్తో కర్ర తిప్పి కొట్టాడు. చీపురు పట్టుకుని నేను కిందే ఉన్నాను. నా చెవికి అది డబ్బుడబ్బుమని వినిపించింది.

“గట్టిగుంది,” అన్నాడు మామ దిగుతూ. “కిటికీ రెక్క ఊగుతుంది, అది సూడు.”

క్రిస్టోఫర్ కిటికీ సందులో కాగితం మడిచి కుక్కాడు. బండల సంగతి పత్తిచేల పిల్లకేం తెలుసు అనుకుని నేను ఊడ్చుకుంటూ పోయాను.

తపస్సుకాలం సగానికొచ్చేసరికి చప్పుడు కుదిరింది. పాట వద్దన్నారు కానీ దేవుని వాక్యం వద్దనలేదు కదా అని, క్రిస్టోఫర్ ఒకరోజు బైబిలు చదివే గొంతు పెట్టాడు. ఆ గొంతు స్పీకర్లలోంచి రాలేదు. రెండింటి నడుమ, ఏమీ లేని గోడ దగ్గర మనిషి నిలబడి చదువుతున్నట్టు వచ్చింది. అత్త కుర్చీలోంచి లేచి బొంత ఎత్తి చూసింది.

“గోడల ఎవలున్నర్రా?”

క్రిస్టోఫర్ నవ్వీ నవ్వీ నేల మీద కూలబడ్డాడు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో అంత నవ్వు మళ్లీ చాలా రోజులకు గానీ వినలేదు.

ఆ మరుసటి వారం ఒక గురువారం క్రిస్టోఫర్ డ్యూటీకి పోతూ నాకో పని అప్పజెప్పాడు. మామ బాయి నుంచి రాగానే కుర్చీలో కూర్చోబెట్టి, నా ఫోన్లోకి ఎక్కించిన పరీక్ష వినిపించాలి. అందులో ఒక గొంతు ముందు ఎడమ పక్క నుంచి, తర్వాత కుడి పక్క నుంచి మాట్లాడుతుంది. ఏది తక్కువో ఏది ఎక్కువో మామ చెబితే రాత్రికి సరిచేస్తాడట. బాయిలో అందరూ నమ్మే చెవి మరి.

మామ స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. నేను పెట్టాను. ఎడమ పక్క ఏమీ పలకలేదు. నేనేదో తప్పు నొక్కాననుకుని చూసేలోపు కుడి పక్కది మాట్లాడింది. అప్పుడు కనిపించింది, పొద్దున నేను తడిగుడ్డ పెట్టేటప్పుడు తగిలి ఊడిందేమో, ఎడమ స్పీకర్ వైరు కొస నేల మీద పడి ఉంది.

ఆ మాట చెప్పబోతుంటే మామ తల ఊపాడు.

“రెండు మంచిగున్నయి బిడ్డా. ఎడమ దిక్కుది ఇంకింత సాఫుగుంది.”

నేను మెల్లగా ఆయన ఎడమ పక్కకు, కొంచెం వెనక్కి వెళ్లి, “మామా, చాయ తాగుతవా?” అన్నాను. పలకలేదు. గొంతు పెంచి మళ్లీ అడిగాను. గోడకున్న బొంతనే చూస్తూ కూర్చున్నాడు. ముందుకు వచ్చి నిలబడితే అప్పుడు నా మొహం చూసి, “ఆఁ, ఏంది బిడ్డా?” అన్నాడు.

నేను వైరు కొస ఎత్తి చూపించాను.

“ఎడమ దిక్కుది మోగనే లేదు మామా.”

మామ ఆ వైరు వంక చూశాడు. అత్త పెరట్లో బట్టలుతుకుతోంది. ఆమె రావడం లేదని నిర్ధారించుకుని గొంతు తగ్గించాడు. తగ్గించానని ఆయన అనుకున్నాడు గానీ, మాట గట్టిగానే వచ్చింది.

“రెండెండకాలాలైతంది. ఎడమది మొత్తం పాయె. కుడిదాంట్ల లావు చప్పుళ్లొస్తయి. సన్నయి రావు.”

“మరి బాయిల? గట్టిబండకు, డొల్లబండకు తేడా ఎట్ల ఎరుకైతది?”

“చెవికి రెండు ఒక్కతీరే ఉన్నయి. చెయ్యి చెప్తది. ఎడమ చెయ్యి పైన ఆనిచ్చి కొడ్త. ఇడిసిన బండైతె వణుకుతది. ఇన్నేండ్ల చెయ్యి, నాకు అబద్ధం చెప్పది.” ఆగి, నా మొహంలోకి చూశాడు. “వానకాలం దాక, బిడ్డా. సర్దారుగ దిగిన, సర్దారుగనే బయటికొస్త. ఎవ్వలికి చెప్పకు.”

“కింద చిన్నమామోళ్లు నిలబడ్తరు మామా.”

“నాకెరుక లేదా?” అని అరిచాడు.

నాకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. వాళ్ల పానాలు నీ చెవుల్లో ఉన్నాయని మంగయ్య ఊరంతా చెప్పుకుంటుంటే, నువ్వు పక్కన కూర్చుని ఎట్లా విన్నావు అని అడగాలనిపించింది. విననే లేదేమో అని కూడా అనిపించి నోరు మూసుకున్నాను. ఒక్కటి మాత్రం చెప్పాను. నా మొగుడి దగ్గర ఇది దాచలేను, నువ్వే చెప్పు, లేకపోతే నేను చెప్తాను అని. మామ పక్కనున్న కర్ర తీసి మూలకు ఆనించి, “ఒక్క దినం ఆగు” అన్నాడు.

ఆ ఒక్క దినం శుక్రవారం. మామ మొదటి షిఫ్టుకు వెళ్లాడు. ఆయన ఇల్లు చేరేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. మిషను మీద కూర్చుని కుట్టిన కుట్టే కుట్టి, మళ్లీ విప్పాను. మధ్యాహ్నం దాటాక మామా, మంగయ్యా కలిసే వచ్చారు. మంగయ్య గోడ అవతలికి పోతూ, “కోడలా, పండుగకు నాకు రెండు పాటలెక్కువ వినిపియ్యాలె” అని కేకేశాడు.

మామ కుర్చీలో కూర్చోబోతుంటే, చర్చిలో సిలువ మార్గం ప్రార్థనకు ఆలస్యమవుతోంది, కాళ్లు కడుక్కోమని అత్త రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. డ్యూటీ నుంచి వచ్చి ఉన్న క్రిస్టోఫర్ లావు చప్పుడు మరొక్కసారి చూసుకుంటానని కొంచెం పెంచాడు. కప్పు గరగరమంది. తర్వాత దబ్బుమని ఒక చప్పుడు, గది నిండా తెల్లటి దుమ్ము.

దుమ్ము తగ్గాక చూస్తే కుర్చీ చెయ్యి విరిగి వేలాడుతోంది. సుద్దముక్క గీతల మధ్య, కుర్చీ నిండా కప్పు పెచ్చులు. పైన ఇనుప చువ్వలు తుప్పు పట్టి బయటికి కనిపిస్తున్నాయి.

పెరట్లోంచి మామతో పరుగెత్తుకొచ్చిన అత్త ఏసుప్రభువా అని గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. క్రిస్టోఫర్ తండ్రి వైపు తిరిగాడు.

“నువ్వు కొట్టి సూసినవు గద నాయినా?”

మామ వంగి ఒక పెచ్చు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాన్ని కింద పెట్టి, తన ఎడమ అరచెయ్యి చూసుకున్నాడు. ఏళ్ల తరబడి బండలు రాసుకుని చెప్పు అడుగులా గట్టిపడిన చెయ్యి అది.

“చెయ్యి గుడ చెప్పలే,” అన్నాడు నాతో.

ఆ సాయంత్రం సిలువ మార్గంలో, చర్చి గోడల మీద వరసగా ఉన్న క్రీస్తు పాట్ల పటాల ముందు, ప్రతి స్థలం దగ్గరా మామ అందరికంటే ఆలస్యంగా మోకరిల్లాడు, అందరికంటే ఆలస్యంగా లేచాడు. మోకాళ్ల నొప్పని పక్కవాళ్లు అనుకున్నారు. పక్కవాళ్లు లేచేదాకా చూసి లేస్తున్నాడని నాకు తెలుసు. ప్రార్థన అయ్యి బయటికి వస్తూ కొడుక్కూ భార్యకూ తనే చెప్పాడు. అత్త ఏడవలేదు. చర్చి గేటు దగ్గర నుంచి ఇంటిదాకా ఆయన కుడి పక్కకు మారి నడిచింది.

మర్నాడు పొద్దున మామ మంగయ్యను పిలిపించాడు. విరిగిన కుర్చీ చేతికి తాడు కట్టి, పెచ్చులు ఊడిన కప్పు నుంచి దూరంగా జరిపి, అందులో అతన్ని కూర్చోబెట్టాడు. నేను చాయ ఇచ్చాను. ఊడిన వైరు క్రిస్టోఫర్ ఎప్పుడో తగిలించాడు. మామ బైబిలు గొంతు పెట్టమన్నాడు.

“మంచిగ వినబడుతుందా తమ్మీ?”

“అవ్ అన్నా. గోడల కెల్లి మాట్లాడినట్టుంది.”

మామ వంగి ఎడమ స్పీకర్ వైరు పీకేశాడు. గొంతు గోడను వదిలి కుడి పక్క డబ్బాలోకి పోయింది. తర్వాత నా పుట్టింటి బొంత గోడ మీద నుంచి తీసి, కుడి స్పీకర్ మీద కప్పాడు. మాటలు పోయి గొణుగుడు మిగిలింది.

“నాకు ఎప్పటికి గిట్లనే వినబడ్తది,” అన్నాడు.

మంగయ్య ముందు నవ్వబోయాడు. మామ మొహం చూసి ఆగిపోయాడు.

“ఎన్నడి సంది?”

“నిరుడు గాక ముందటేడు ఎండకాలం సంది.”

మంగయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు. అతను లెక్క పెట్టుకుంటున్నాడని నాకర్థమైంది, ఎన్ని షిఫ్టులో, ఎన్ని చోట్లో, ఎవరెవరు పక్కన నిలబడ్డారో.

“మొన్న మలుపు కాడ గట్టిగుందన్నవు,” అన్నాడు. “నేను సద్ది గుడ ఆన్నే కూసోని తిన్న.”

మామ తల దించుకున్నాడు. మంగయ్య లేచి, చాయ ముట్టకుండా, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

సోమవారం మామ బాయి ఆఫీసుకు వెళ్లి తన చెవుల సంగతి తనే చెప్పుకున్నాడు. పరీక్షలయ్యాక ఆయన్ను పైన లైట్ల గదిలో వేశారు. లోపలికి దిగేవాళ్ల టోపీలకు పెట్టుకునే లైట్లు అందించే పని. రోజూ పొద్దున మంగయ్య చేతికి లైటు ఇచ్చేది మామే. అత్త కంచం ముందు కూర్చుని ప్రతి సాయంత్రం అడిగేది, ఇవ్వాళన్నా మాట్లాడాడా అని. మామ తల అడ్డంగా ఊపేవాడు. మంగయ్య భార్య అనంతమ్మ గోడ మీద నుంచి కూర గిన్నె అందించడం మానేసింది. ఆమెను తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు.

మేస్త్రీ వచ్చి చువ్వలు గీకి, కప్పుకు కొత్త సిమెంటు పూశాడు. క్రిస్టోఫర్ సుద్దముక్క గీతలు తుడిచేసి అంతా మొదటినుంచి మొదలుపెట్టాడు. మూడు పక్కల సమాన దూరం లేదు, టేపు లేదు. రెండు స్పీకర్లలో వచ్చేదాన్ని ఒకటిగా కలిపి, సన్నని చప్పుళ్లు పెంచి, రెండింటినీ కుర్చీకి కుడి పక్కకు జరిపాడు. మామూలు చెవులున్న మాకు అది వికారంగా ఉండేది. కానీ మామ ఆ కుర్చీలో కూర్చోలేదు. గడప మీద కూర్చునేవాడు, కప్పు దాటి బయటికి.

“మేస్త్రీ సూసిండు గద నాయినా,” అంటే, “నేను సూడలే గద,” అనేవాడు. కర్ర మూలనే ఉండేది. దాన్ని ముట్టేవాడు కాదు.

ఈస్టర్ ముందటి మట్టల ఆదివారం పోయింది. పవిత్ర గురువారం సాయంత్రం నుంచి చర్చి గంట ఆగిపోయింది. పండుగ దాకా గంట మోగించరు, చెక్క గిలకే తిప్పుతారు. ఆ రెండు రోజులూ గంట మాకెవరికీ వినపడలేదు, మామకూ వినపడలేదు. ఆయన అందరితోపాటు నెమ్మదిగా చర్చికి నడిచి వెళ్లి వచ్చాడు.

ఈస్టర్ నాడు పొద్దున పూజ అయ్యి ఇంటికి వచ్చాం. అత్త చెప్పులు విప్పుతూనే కొడుకు వైపు చూసి, “ఇగ పెట్టురా పాట” అంది. అన్ని రోజులుగా ఆ మాట కోసం చూసిన మనిషి, ఫోను చేతిలో పట్టుకుని తండ్రి వైపు చూస్తూ నిలబడ్డాడు. మామ గడప మీదే కూర్చున్నాడు.

“కుర్చీల కూసో నాయినా. నీకోసమే గద ఇదంత.”

“ఈన్నుంచి వినబడ్తదిలే.”

వినపడదని మా అందరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది. మొహం కనపడకుండా వంటింట్లోకి పోబోతుంటే గేటు చప్పుడైంది. మంగయ్య. పండుగ కదా, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. చెప్పులు బయట విడిచి, గడప మీద కూర్చున్న మామను దాటుకుని లోపలికి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. మూలనున్న కర్ర తీసుకున్నాడు. స్టూలు కుర్చీ పక్కకు లాక్కుని ఎక్కాడు. ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించి, చెవి పైకి పెట్టి, కొట్టాడు.

కొత్త సిమెంటు మీద కొట్టాడు. పాతదీ కొత్తదీ కలిసేచోట అంచు వెంబడి కొట్టుకుంటూ వెళ్లాడు. స్టూలు దిగి, జరుపుకుని, మళ్లీ ఎక్కి, కుర్చీకి నాలుగు పక్కలా కొట్టాడు. గడప మీద మామ లేచి నిలబడి ఆ కర్రనే చూస్తున్నాడు. చప్పుడు ప్రతిసారీ ఖంగుమంది. మామకు తప్ప అందరికీ వినిపించింది.

మంగయ్య దిగి, కర్ర మూలకు ఆనించి, మామ ఎదురుగా వచ్చాడు. పెదాలు కనపడేలా నిలబడి నిదానంగా చెప్పాడు.

“గట్టిగుందన్నా. నేను విన్న. వచ్చి కూసో.”

మామ కప్పు వైపు చూడలేదు. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. క్రిస్టోఫర్ పాట పెట్టాడు. పాట అయ్యేదాకా మంగయ్య ఆ కుర్చీ పక్కనే, మామకు ఎడమ దిక్కున నిలబడ్డాడు.